మూడు లీటర్ల సముద్రం

రూసె, 26 ఫిబ్రవరి 2016

అమ్మమ్మా,

వసంతం రాగానే చేతికి కట్టుకోమని నువ్వు పంపిన ఎర్రతెల్ల దారం అందింది. మార్చి ఒకటో తారీఖుదాకా కట్టుకోను, భయపడకు.

ఒక సంగతి చెప్పాలి. కూర్చుని చదువు.

మా వీధి చివరి పళ్ళ డాక్టరు దుకాణం ఎత్తేస్తున్నాడు. రోగులు కూర్చునే గదిలో ఉండే గాజు తొట్టి, అరవై లీటర్లది, ఇరవై లెవకి నాకిచ్చేశాడు. ఒక మూల సన్నని పగులుంటే జిగురు పెట్టి మూశాను. అందులో సముద్రపు పగడాలు పెంచుతాను.

పిచ్చి పట్టలేదు. ఇక్కడి మ్యూజియంలో కాంబురోవ్ గారని ఒకాయన ముప్పై ఏళ్ళుగా డెన్యూబు చేపల గది చూస్తున్నారు. అక్టోబరులో కొత్తగా సముద్రపు గది తెరుస్తారట, ఒక మనిషి కావాలట. నా పట్టా ఇస్తే విప్పి చూడకుండానే తిరిగిచ్చేశారు. "పట్టాలు బోలెడు చూశానమ్మాయ్. ఈస్టరుకి మూడు పగడం ముక్కలిస్తాను. అక్టోబరు ఒకటిన ఒక్కటైనా ప్రాణంతో తెచ్చి చూపించు. ఉద్యోగం నీది" అన్నారు.

నువ్వు మన మునిసిపాలిటీ పన్నుల విభాగంలో నా కోసం పట్టి ఉంచిన కుర్చీ మరిచిపోలేదు. దానికీ గడువు అక్టోబరు ఒకటే. పగడం చస్తే బస్సెక్కి వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటాను. మాట. అందాకా పొద్దున పూట బేకరీ పని ఉంది.

తొట్టి చవకే, నీళ్ళే ఖరీదు. పగడాల కోసం చేసిన ఉప్పు డబ్బాల్లో అమ్ముతారు, ఒక డబ్బా నా గది అద్దెలో మూడో వంతు. ఉప్పు మడుల పక్కన పుట్టి ఉప్పు కొనుక్కుంటున్నానని నవ్వకు.

మిల్కానా


పొమోరియె, 4 మార్చి

మిల్కానా,

నేను నవ్వలేదు. కూర్చోనూ లేదు. నిలబడే చదివాను.

ఇది ఫోనులో చెప్పకుండా కాగితం మీద పెట్టినందుకు మెచ్చుకుంటున్నాను. ఫోను చావు కబుర్లకి. పైగా ఫోనులో ఇచ్చిన మాటకి రుజువుండదు. నీ ఉత్తరం దాచాను, "మాట" అన్న చోట గీత గీశాను.

మీ అమ్మ ఇటలీ వెళ్ళి నిన్ను నా దగ్గర వదిలినప్పుడు నీకు ఆరేళ్ళు. ఆనాటి నుంచీ ఈ ఇంట్లో డబ్బిచ్చి ఉప్పు కొన్నవాళ్ళు లేరు. ముప్పై ఒక్క ఏళ్ళు ఉప్పు కొఠారులో పద్దులు రాసినదాన్ని. నా మనవరాలు డబ్బాలో ఉప్పు కొనుక్కోవడమంటే బేకరీవాడి కూతురు రొట్టె అడుక్కోవడమే. గుమ్మం ముందు సముద్రముంది. దానికి అద్దె లేదు.

ఈ బుధవారం బస్సులో డ్రైవరు గాంచో చేతికి పన్నెండు జాడీలు ఇస్తున్నాను, ఒక్కొక్కటి మూడు లీటర్లు. నీళ్ళు నేనే మోసుకొచ్చి, నాలుగు మడతల గుడ్డలో వడగట్టి, జాడీల్లో పోసి మూత బిగించి, పెద్ద డేగిసాలో ఇరవై నిమిషాలు ఉడకబెట్టాను. పీచ్ పళ్ళు నిల్వ పెట్టడానికి పదిహేను నిమిషాలు చాలు. సముద్రంలో ఏమేమి తిరుగుతుంటాయో తెలియదు కనక ఇంకో అయిదు. జాడీకొక ఆస్పిరిను బిళ్ళ వేశాను, టొమాటోలకి వేసినట్టే. ఏడాది దాకా చెడవు.

ఖాళీ జాడీలు కడిగి, మూతలతో సహా పంపు.

కలియోపా అమ్మమ్మ

జాడీలు: పంపినవి 12, వచ్చినవి 0.


రూసె, 19 మార్చి

అమ్మమ్మా,

పన్నెండూ భద్రంగా చేరాయి, ఒక్కటీ కారలేదు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఖాళీ జాడీలు గాంచో తెస్తున్నాడు.

తొట్టి అడుగున ఇసుక పోసి రాళ్ళు పేర్చాను. ఇవి మామూలు రాళ్ళు కావు. వీటిని బతికున్న రాళ్ళంటారు. వీటి కన్నాల్లో కంటికి కనబడని జీవాలుంటాయి, నీళ్ళని శుభ్రం చేసేవి అవే. అవి కుదురుకోవడానికి ఆరు వారాలు పడుతుంది. అందాకా నేను ఖాళీ తొట్టి ముందు కూర్చుని చూస్తుంటాను. ఇంటావిడ నన్ను చూసి శిలువ గుర్తు వేసుకుంటోంది.

ఒకటి అడుగుతాను. అద్దాల బీరువా మీద తాతయ్య తెచ్చిన తెల్ల పగడం ఉంది కదా, అది ఇస్తావా? చచ్చిన పగడం మీద బతికున్న ముక్కని అతికిస్తే బాగా పట్టుకుంటుంది. ఊరికే కొన్న రాయి కన్నా అదైతే నాకు ఇష్టం.

మిల్కా


పొమోరియె, 8 ఏప్రిల్

మిల్కానా,

రాళ్ళు బతికి ఉండవు. ఇది నువ్వు నాలుగో తరగతిలో చదివావు, నేనే అప్పజెప్పించుకున్నాను. పురుగులున్న రాయిని మురికి రాయి అంటారు. మరిగే నీళ్ళు పోసి గట్టి బ్రష్షుతో తోము.

మీ తాత పగడం సంగతి. స్టమాట్ సముద్రాల మీద చేపల ఓడలో మంచుయంత్రాలు బాగుచేస్తూ పద్ధెనిమిదేళ్ళు తిరిగాడు. తిరిగి తిరిగి ఇంటికి తెచ్చినవాటిలో చెప్పుకోదగ్గది అదొక్కటే. ప్రతి శనివారం దాని దుమ్ము దులిపేదాన్ని నేను. అది అంత తెల్లగా ఉందంటే నా చేతి చలవ. దాన్ని పురుగుల నీళ్ళలో ముంచడానికి ఇవ్వను.

నీళ్ళు నచ్చినందుకు సంతోషం. ఇంకో పన్నెండు జాడీలు పంపుతున్నాను. ఈసారి ఆస్పిరిను రెండేసి వేశాను, ఎండలు ముదురుతున్నాయి కనక.

మునిసిపాలిటీలో పన్నుల విభాగం పెద్దావిడ దారిలో కనబడి, మీ అమ్మాయి ఎప్పుడొస్తుందండీ అని అడిగింది. అక్టోబరు ఒకటిన అన్నాను.

కలియోపా అమ్మమ్మ

జాడీలు: పంపినవి 24, వచ్చినవి 12.


రూసె, 6 మే

అమ్మమ్మా,

క్రీస్తు లేచాడు. నీ ఈస్టరు ఎర్ర గుడ్డు ఇంకా పగలలేదు. బేకరీలో అందరి గుడ్లనీ కొట్టి గెలిచింది.

మూడు ముక్కలు వచ్చాయి. ఒకటి పుట్టగొడుగులా మెత్తగా ఉంటుంది, ఒకటి గడ్డిపోచల గుత్తిలా ఊగుతుంది. మూడోది రాతి పగడం, బొటనవేలంత, దాని మీద పదకొండు నోళ్ళున్నాయి. సాయంత్రం దీపం తగ్గించగానే ఒక్కొక్క నోరూ తెరుచుకుంటుంది. నా నీడ పడితే చాలు, పదకొండూ ఒక్కసారే మూసుకుంటాయి. నువ్వు గదిలోకి వచ్చినప్పుడు నేను పాఠ్యపుస్తకం కింద కథల పుస్తకం దాచేదాన్ని, అచ్చం అలాగే.

రాళ్ళు చూసుకున్నాను. నీ నీళ్ళతో తొట్టి నిండుగా ఉంది. ఇక పంపకు, చాలు. జాడీలన్నీ పంపేశాను.

మిల్కా


పొమోరియె, 12 మే

మిల్కానా,

నిజంగా లేచాడు.

తొట్టి అరవై లీటర్లది. అందులో ఇసుక, రాళ్ళు ఉన్నాయి. నేను పంపినవి ఇరవైనాలుగు జాడీలు, అంటే డెబ్బయి రెండు లీటర్లు. ఎంత తక్కువగా లెక్కేసినా పన్నెండు లీటర్లు మిగలాలి. జాడీలు మాత్రం అన్నీ ఖాళీగా వచ్చాయి. మిగిలినవి తాగేశావేమో అనుకున్నాను. కానీ ఆస్పిరిను వేసిన ఉప్పునీళ్ళు పన్నెండు లీటర్లు తాగిన మనిషి అంత చక్కటి దస్తూరీతో ఉత్తరం రాయలేదు.

గాంచోని పిలిచి కాఫీ ఇచ్చాను. మొదట తల గోక్కున్నాడు. రెండో కప్పుకి చెప్పాడు. "ఏం చెయ్యమంటారు కలియోపా గారూ, పాప మోయలేక బస్టాండు పక్క కాలవలోనే ఒంపేసింది. రెండుసార్లూ అంతే. మీకు చెప్పొద్దని నాకు మిఠాయి రొట్టె ఇచ్చింది."

నువ్వు నీళ్ళు పారబోసినందుకు నాకు కోపం లేదు. నీళ్ళు సముద్రానివి. అద్దంలా ఉన్నాయని రాశావు చూడు, ఆ వాక్యం నాకు పంపినది. కారణం రాయి.

క. స.

జాడీలు: పంపినవి 24, వచ్చినవి 24. ఇంత సరిగ్గా ఎప్పుడూ రాలేదు, అనుమానించవలసింది.


రూసె, 18 మే

అమ్మమ్మా,

క్షమించు. నువ్వు డెబ్బయి రెండు లీటర్లు మోశావని తలుచుకుంటే నిజం రాయడానికి చెయ్యాడలేదు.

ఉడకబెట్టిన నీళ్ళలో ఏ జీవమూ ఉండదు. ఆస్పిరిను వల్ల మిగిలినవీ చస్తాయి. అయితే అసలు కారణం అది కాదు. నువ్వు పచ్చి నీళ్ళు పంపినా సరిపడేవి కావు. మన సముద్రం లీటరుకి పదిహేడు గ్రాముల ఉప్పు. పగడాలకి ముప్పై అయిదు కావాలి. డెన్యూబు లాంటి నదులు పోసి పోసి మన సముద్రాన్ని పలచన చేశాయి. కాంబురోవ్ గారు గాజుపుల్ల ముంచి చూసి, "ఇది సగం సముద్రమే అమ్మాయ్" అన్నారు.

ఇప్పుడు తొట్టిలో ఉన్నవి కొన్న ఉప్పుతో కలిపిన నీళ్ళు. నువ్వు చలికాలం బూట్లకి పంపిన డబ్బుతో కొన్నాను. ఇదీ చెప్పలేదు. వారానికి ఆరు లీటర్లు తీసి కొత్తవి పోయాలి. ఉప్పు అయిపోతోంది. తరవాత ఏం చేయాలో తెలియదు.

ఇక అబద్ధం రాయను.

మిల్కానా


రూసె, 9 జూన్

అమ్మమ్మా, మూడు వారాలైంది. గాంచో ఖాళీ చేతులతో వస్తున్నాడు. కలియోపా గారు మాట్లాడటం లేదు, కాఫీ మాత్రం ఇస్తున్నారు అంటున్నాడు. ఆరోగ్యం బాగుందని ఒక్క ముక్క రాయి.

మిల్కా


పొమోరియె, 20 జూన్

మిల్కానా,

ఆరోగ్యం బాగుంది.

సగం సముద్రం అన్న మాట జీర్ణం కావడానికి నాకు ముప్పై రెండు రోజులు పట్టింది. నేను డెబ్బయి ఏళ్ళుగా అందులో ఈదుతున్నాను. మొదట ఆ కాంబురోవ్ నది ఒడ్డు మనిషి, ఆయనకేం తెలుసు అనుకున్నాను. తరవాత కొఠారు పాత రిజిస్టర్లు తీయించాను. మడిలోకి వదిలిన నీళ్ళు, చేతికొచ్చిన ఉప్పు, రెండూ నా దస్తూరీలోనే ఉన్నాయి. భాగిస్తే లీటరుకి పదిహేడు చిల్లర. ముప్పై ఒక్క ఏళ్ళు రెండంకెలూ పక్కపక్కన రాశాను. భాగించమని ఎవరూ అడగలేదు. కాంబురోవ్ గారికి నా నమస్కారం చెప్పు.

ఇప్పుడు పరిష్కారం. పదిహేడుకి పద్ధెనిమిది కలిపితే ముప్పై అయిదు. ఉప్పు నా దగ్గరుంది. నాలుగు జాడీలు పంపుతున్నాను. మొదటి కోత ఉప్పు, నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు స్వచ్ఛం. నా ఉద్యోగ కాలంలో దీనికి రెండు పతకాలొచ్చాయి. సముద్రపు నీళ్ళు నువ్వే దింపుకో, గాంచో ప్లాస్టిక్ డబ్బాలో తెస్తాడు. నేను వాటిని ముట్టుకోలేదు.

బూట్ల సంగతి చలికాలంలో మాట్లాడుకుందాం, నీ కాళ్ళు తడిసినప్పుడు.

కలియోపా అమ్మమ్మ

జాడీలు: పంపినవి 28, వచ్చినవి 24.


రూసె, 17 జూలై

అమ్మమ్మా,

అబద్ధం రాయనన్నాను కనక రాస్తున్నాను. నీ ఉప్పుతో నాలుగు వారాలు నీళ్ళు మార్చాను. పుట్టగొడుగు కరిగిపోయింది. గడ్డిగుత్తి మొన్న తెల్లవారేసరికి చీమిడిలా అడుగున పడి ఉంది. రాతి పగడం ఒక్కటే మిగిలింది, అదీ నోళ్ళు తెరవడం మానేసింది. రెండున్నర నెలలుంది గడువు. పన్నుల విభాగం కుర్చీ గట్టిదా, మెత్తదా?

కాంబురోవ్ గారు నీళ్ళు పరీక్ష చేశారు. తప్పు ఉప్పుది. మంచిది కాకపోవడం కాదమ్మమ్మా, మరీ మంచిది. సముద్రంలో ఉప్పొక్కటే కాదు, చేదువీ వగరువీ ఎన్నో ఉంటాయి. మీరు ఉప్పు తీసేటప్పుడు అవన్నీ వెనక మిగిలే నీళ్ళలో ఉండిపోతాయట. పగడానికి కావలసినవి అవే. "మీ అమ్మమ్మ పతకం తెచ్చుకున్నది ఉప్పుకి. నాకు కావలసింది ఆవిడ పారబోసింది" అన్నారు.

నువ్వు మళ్ళీ ముప్పై రెండు రోజులు ఊరుకుంటే ఇది బతకదు.

మిల్కా


పొమోరియె, 20 జూలై

మిల్కానా,

ఉత్తరం పదకొండింటికి వచ్చింది. పన్నెండింటికి కొఠారులో ఉన్నాను.

ఉప్పు గీకేశాక మడి అడుగున ఎర్రగా, జిడ్డుగా నిలిచే చేదు నీళ్ళ గురించి ఆయన అంటున్నది. ఇప్పుడు దాన్ని సీసాల్లో పోసి మోకాళ్ళ నొప్పులకని యాత్రికులకి అమ్ముతున్నారు. నేనూ రాసుకుంటాను, నాకేం తగ్గలేదు. నా రోజుల్లో తిరిగి సముద్రంలోకి వదిలేవాళ్ళం. ప్రతి సెప్టెంబరులో దాని కొలత నేనే రాసేదాన్ని, "వృథా" అనే గడిలో. అది మా రిజిస్టరులో ఏటా పెద్ద అంకె. దాని మీద ఎర్ర గీత గీసి కింది వాళ్ళని మందలించేదాన్ని కూడా.

కావలివాడు నన్ను గుర్తుపట్టి, ఎంత కావాలంటే అంత తీసుకోండి మేడమ్, కానీ ఎందుకండీ అన్నాడు. మనవరాలి ఉద్యోగానికి అన్నాను. ఇంకేమీ అడగలేదు. లంచం అనుకుని ఉంటాడు.

అయిదు జాడీలు పంపుతున్నాను. వడగట్టలేదు. ఉడకబెట్టలేదు. ఆస్పిరిను వేయలేదు. ఎంత కలపాలో కాంబురోవ్ గారు కొలిచి చెప్పినట్టు కలుపు, నా మాట వినకు.

కుర్చీ గట్టిది.

కలియోపా అమ్మమ్మ

జాడీలు: పంపినవి 33, వచ్చినవి 28.


రూసె, 14 ఆగస్టు

అమ్మమ్మా,

నిన్న సాయంత్రం రెండు నోళ్ళు తెరిచింది. ఇవాళ ఏడు.

చేదు నీళ్ళు పనిచేశాయి. కాంబురోవ్ గారు పరీక్ష గొట్టాన్ని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశారు. అయితే ఒకటి తక్కువ. రాతి పగడం ఒళ్ళు కాల్షియంతో కట్టుకుంటుంది. నీళ్ళలో కాల్షియం చాలకపోతే బతుకుతుంది గాని పెరగదు. కాల్షియం హైడ్రాక్సైడ్ అని దాని పొడి చిన్న సీసాల్లో అమ్ముతారు. నీళ్ళలో కలిపి, తేర్చి, పైన తేరినదాన్ని రాత్రిపూట చుక్కచుక్కగా వదలాలట. సీసా ధర చూసి వచ్చేశాను. ఈ నెల ఇప్పటికే రొట్టె, పెరుగుతో నడుస్తోంది. పెరగకపోయినా బతికుంటే చాలు కదా, మాట ప్రకారం.

మిల్కా


పొమోరియె, 18 ఆగస్టు

మిల్కానా,

చాలదు. ఈ ఇంట్లో ఎవరూ బొటాబొటీ మార్కులతో గట్టెక్కలేదు.

నువ్వు రాసిన పొడి పేరు రెండుసార్లు చదివి, ఊళ్ళో మందుల షాపమ్మాయిని అడిగాను. అది సున్నం. తిండిలోకి వాడే, తడిపిన సున్నం. నువ్వు చెప్పిన తేరిన నీళ్ళు సున్నపుతేట. ఇవాళ నా వంటింట్లో బల్ల మీద బకెట్టుతో ఉంది. పుచ్చకాయ పెచ్చుల పాకం పట్టే రోజులివి. పెచ్చులు సున్నపుతేటలో నానబెట్టకపోతే పాకంలో మెత్తగా చితికిపోతాయి. మా అమ్మ నేర్పింది, ఆవిడకి వాళ్ళమ్మ. మీ శాస్త్రజ్ఞులు దాన్ని చిన్న సీసాలో పెట్టి అమ్ముతున్నారంటే వాళ్ళెవరూ పాకం పట్టే ఇంట్లో పుట్టలేదన్న మాట.

మూడు జాడీల తేట, ఒక జాడీ పాకం. తేట పగడానికి, పాకం నీకు. తారుమారు చేయకు. మూత గట్టిగా పెట్టు, గాలి తగిలితే పైన మీగడ కడుతుంది. రాత్రి చుక్క సెకనుకొకటి మించకూడదు. ఇది నా అంచనా, కాంబురోవ్ గారిని అడిగి ఖాయం చేసుకో.

కలియోపా అమ్మమ్మ

జాడీలు: పంపినవి 37, వచ్చినవి 33.


రూసె, 2 అక్టోబరు

అమ్మమ్మా,

నిన్న దాన్ని నీ జాడీలోనే పెట్టి, కోటులో చుట్టి, ట్రాలీబస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను. పక్కాయన ఊరగాయేనా అన్నాడు. అవునన్నాను. ఇది అబద్ధమే, కానీ నీకు పంపింది కాదు.

కాంబురోవ్ గారు భూతద్దం పెట్టి పది నిమిషాలు చూశారు. తరవాత పెన్సిలుతో లెక్కపెట్టారు. మేలో పదకొండు నోళ్ళు, ఇప్పుడు ఇరవై తొమ్మిది. "ఏ ఉప్పు వాడావు?" అన్నారు. నీ సముద్రం, నీ ఉప్పు, నీ చేదు నీళ్ళు, నీ పాకం తేట అని చెప్పాను. మ్యూజియం తొట్టి ఆరువేల లీటర్లు, ఉప్పుకి వాళ్ళ దగ్గరా డబ్బు లేదట. నీ చిరునామా అడిగారు.

ఉద్యోగం నాది. ఒక్క చిక్కు. మ్యూజియం మునిసిపాలిటీ కిందిది. వాళ్ళ జీతాల పట్టీలో పగడాలు చూసే మనిషికి గడి లేదు. అందుకని నన్ను "మునిసిపల్ గుమాస్తా, రెండో తరగతి, లెక్కలు" అని రాశారు. రోజూ సగం పూట నీళ్ళ రిజిస్టరు నింపాలి.

నవ్వకు.

మిల్కా


పొమోరియె, 9 అక్టోబరు

మిల్కానా,

మునిసిపాలిటీలో లెక్కల ఉద్యోగం వచ్చినందుకు అభినందనలు. అక్టోబరు ఒకటిన వస్తుందని నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను. ఇక్కడి పెద్దావిడకి కుర్చీ వేరేవాళ్ళకి ఇవ్వమని చెప్పాను. ఇరవై తొమ్మిది మంచి అంకె.

గాంచో ఈసారి జాడీ కాదు, చెక్కపెట్టె తెస్తున్నాడు. అందులో మీ తాత పగడం ఉంది. మార్చిలో అడిగావు, ఇవ్వనన్నాను. ఎందుకివ్వనన్నానో రాయాలి. నిన్ను నిజం రాయమన్నదాన్ని నేనే కదా.

1976లో స్టమాట్ దాన్ని ఇంటికి తెచ్చినప్పుడు అది తెల్లగా లేదు. టీ రంగులో, జారుగా, బకెట్టు నీళ్ళలో ఉంది. వంటిల్లంతా నీచు కంపు. ఆయన స్నానానికి వెళ్ళగానే నేను దాన్ని డేగిసాలో వేసి, సోడా పోసి, రెండు గంటలు ఉడకబెట్టి, బ్రష్షుతో తోమి, తుడిచి, అద్దాల బీరువా మీద లేసు గుడ్డ పరిచి పెట్టాను. ఆయన తల తుడుచుకుంటూ వచ్చి చూశాడు. "తెల్లగా వచ్చింది" అన్నాడు. అంతే. మెచ్చుకున్నాడనుకున్నాను.

ఆయన పోయిన రోజున ఓడలో పక్క మంచం ఆయన వచ్చి, దారి పొడుగునా స్టమాట్ మూడు వారాలు రోజుకి రెండుసార్లు ఆ బకెట్టు నీళ్ళు మార్చేవాడండీ అని చెప్పాడు. పనిలేని పని అనుకున్నాను. నీ మే నెల ఉత్తరం వచ్చాక, సాయంత్రం దీపం తగ్గిస్తే నోళ్ళు తెరుస్తుందని చదివాక, లేచి వెళ్ళి దాన్ని చూశాను. ఆనాడు ఇంటికొచ్చేసరికి అది బతికుందో లేదో నాకు తెలియదు. ఆయనకి తెలుసు. తను ఉన్నన్నాళ్ళూ, నేను ప్రతి శనివారం దుమ్ము దులుపుతుంటే పేపరు చదువుకునేవాడు.

నీ ముక్కని దాని మీద అతికించు.

కలియోపా అమ్మమ్మ

జాడీలు: పంపినవి 37, వచ్చినవి 36. తక్కువైనది నీ ఒళ్ళో వెళ్ళినదే అనుకుంటాను.


రూసె, 19 నవంబరు

అమ్మమ్మా,

ముప్పై ఏడో జాడీ గాంచో తెస్తున్నాడు. హీటరు పక్కన, తన మఫ్లరులో చుట్టి పెట్టుకుంటానన్నాడు. ఖాళీగా లేదు. జాగ్రత్తగా తీయి.

తాతయ్య పగడం మీద అతికించిన ముక్క పట్టుకుంది, అంచు దాటి పాకుతోంది. దాని పక్కనుంచి చిన్న పిలక తీశాను, నాలుగు నోళ్ళు. దానికి తొట్టి అక్కర్లేదు, జాడీ చాలు. ఒక బతికున్న రాయి కూడా వేశాను. పైన నీ చదువుకునే దీపం పెట్టు, రోజుకి పది గంటలు. నీళ్ళు వెచ్చగా ఉండాలి, పొయ్యి ఉన్న గదిలో ఉంచు. శనివారం శనివారం మూడో వంతు నీళ్ళు మార్చు. ఎలా కలపాలో నీకు నేను చెప్పేదేముంది.

ఉడకబెట్టకు.

మిల్కా


పొమోరియె, 6 డిసెంబరు, సెయింట్ నికోలా పండగ

మిల్కానా,

జాడీ చేరింది. పంపినవి 37, వచ్చినవి 37. లెక్క సరిపోయింది, ఆ పుట మూసేశాను.

కొత్త పుట తెరిచాను. మొదటి వారం నాలుగు నోళ్ళు. రెండో వారం నాలుగు. నిన్న అయిదు, కానీ అయిదోది ఇంకా సన్నగా ఉంది, పెన్సిలుతో రాశాను. అద్దాల బీరువా మీద, ఆ లేసు గుడ్డ మీదే పెట్టాను. కాంబురోవ్ గారికి చేదు నీళ్ళు రెండు పీపాలు పంపించాను, ఆయన రసీదు పంపారు. మంచి దస్తూరీ.

పండగకి చేప వండాను, పక్కింటావిడకి పంపాను. ఆవిడ గిన్నె తిరిగివ్వడానికి వచ్చి, జాడీలో రాయి చూసి, "కలియోపా, నీ ఇంట్లో మురికా" అంది. కూర్చోబెట్టాను. దీపం తగ్గించాను. ఇద్దరం కలిసి చూశాం.

ఒక సందేహం, నువ్వు తెలిసినదానివి కనక అడుగుతున్నాను. జాడీ గోడల మీద లోపల సన్నగా పచ్చని పొర పడుతోంది. రాయి మీద గోధుమ రంగు మచ్చలొచ్చాయి. ఇవాళ శనివారం కాదు, అయినా పొద్దున గుడ్డ చేతిలో పట్టుకుని దాని ముందు చాలాసేపు నిలబడ్డాను.

కడగలేదు.

కలియోపా అమ్మమ్మ